మైమోనిడీస్

మైమోనిడీస్ (1138 - 1204) మధ్యయుగానికి చెందిన సుప్రసిద్ధ యూదు ధర్మశాస్త్రవేత్త, తత్వవేత్త మరియు వైద్యుడు. ఈయన హెబ్రూ పేరు మోషే బెన్ మైమోన్, అనగా మైమోన్ కుమారుడైన మోషే. అరబ్బీ గ్రంథాలలో మూసా ఇబ్న్ మైమూన్ అని వ్యవహరించబడ్డాడు. యూదులు ఈయన పేరులోని తొలి అక్షరాలను కలిపి రంబం అని పిలుస్తారు. స్పెయిన్ దేశంలో జన్మించి, ఈజిప్టులో స్థిరపడి, అక్కడే మరణించాడు. 14 సంపుటాల 'మిష్నే తోరా', తత్వగ్రంథమైన 'సందిగ్ధులకు మార్గదర్శి' ఈయన ముఖ్య రచనలు.

యెరూషలేములో నాశనమైన యూదుల ప్రాచీన ఆలయాన్ని తిరిగి నిర్మించుట గురించి ధర్మశాస్త్రం ఏమి చెప్పుచున్నదో క్రమబద్ధంగా కూర్చిన వారిలో మైమోనిడీస్ ప్రముఖుడు. ఆలయం కూలిన వెయ్యి సంవత్సరాల తరువాత, దానిని కట్టగల అవకాశం ఏమాత్రం లేని కాలంలో, ఈయన దాని కొలతలను, నియమాలను, సేవాక్రమాన్ని వివరంగా గ్రంథస్థం చేశాడు. ఈనాటికీ ఆలయ పునర్నిర్మాణాన్ని కోరేవారు, దానిని వారించేవారు కూడా ఈయన వాక్యాలనే ప్రమాణంగా చూపుతారు.

యెరూషలేము ఆలయం - పూర్వరంగం

యూదుల సంప్రదాయం ప్రకారం మొదటి ఆలయాన్ని సొలొమోను రాజు యెరూషలేములోని మోరీయా కొండపై కట్టించాడు. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సేనలు దానిని ధ్వంసం చేశాయి. చెర నుండి తిరిగి వచ్చిన యూదులు క్రీ.పూ. 516 ప్రాంతంలో రెండవ ఆలయాన్ని పూర్తి చేశారు. హేరోదు రాజు దానిని విస్తరించి కట్టించాడు. క్రీ.శ. 70లో రోమను సేనాని తీతు నాయకత్వంలోని సైన్యం ఆ ఆలయాన్ని కూడా నాశనం చేసింది. ఆలయం లేకపోవడంతో బలులు, యాజకుల సేవ నిలిచిపోయాయి. వాటి స్థానంలో ప్రార్థన, శాస్త్రాధ్యయనం యూదుల మతజీవితానికి ఆధారమయ్యాయి.

క్రీ.శ. 363లో రోమను చక్రవర్తి జూలియన్ ఆలయాన్ని తిరిగి కట్టించుటకు పూనుకున్నాడు గాని ఆ పని మధ్యలోనే ఆగిపోయింది. అదే సంవత్సరం ఆయన పర్షియా యుద్ధంలో మరణించాడు. 7వ శతాబ్దంలో యెరూషలేము ముస్లిముల పాలనలోకి వచ్చింది. ఖలీఫా అబ్దుల్ మలిక్ ఆ కొండపై 691-92లో శిలాగోపురం అనబడే కట్టడాన్ని పూర్తి చేయించాడు. సమీపంలోనే అల్-అక్సా మసీదు ఉన్నది. ఆ ప్రదేశాన్ని ముస్లిములు హరమ్ అల్-షరీఫ్ అని పిలుస్తారు. 1099లో క్రైస్తవ యోధులు యెరూషలేమును పట్టుకొని శిలాగోపురాన్ని చర్చిగా మార్చారు. మైమోనిడీస్ జన్మించేనాటికి నగరం వారి ఏలుబడిలోనే ఉన్నది.

బాల్యము, వలసలు

మైమోనిడీస్ స్పెయిన్‌లోని కార్డోబా నగరంలో జన్మించాడు. జన్మ సంవత్సరం 1135 అని పూర్వం చెప్పేవారు గాని, 1138 అని నేటి పండితులలో ఎక్కువమంది భావిస్తున్నారు. తండ్రి మైమోన్ ఆ నగరంలోని యూదుల న్యాయాధిపతి, పండితుడు. ధర్మశాస్త్రంలో మైమోనిడీస్‌కు తండ్రే తొలి గురువు.

1148లో ఉత్తర ఆఫ్రికాకు చెందిన అల్మొహద్ వంశీయులు కార్డోబాను ఆక్రమించారు. వారు తమ రాజ్యంలోని యూదులు, క్రైస్తవులు తమ మతాన్ని బహిరంగంగా పాటించడానికి వీలు లేకుండా చేశారు. మైమోన్ కుటుంబం నగరం విడిచి కొన్ని సంవత్సరాలు స్పెయిన్‌లో ఊరూరా తిరిగింది. 1160 ప్రాంతంలో మొరాకోలోని ఫెజ్ నగరం చేరింది. ఈ సంచార కాలంలోనే మైమోనిడీస్ మిష్నా అను ప్రాచీన ధర్మసంహితకు వ్యాఖ్యానం వ్రాయుట ప్రారంభించాడు. ఫెజ్ కూడా అల్మొహద్‌ల అధీనంలోనిదే కావడం వలన అక్కడా భద్రత లేకపోయింది. 1165లో ఆ కుటుంబం ఓడ ఎక్కింది. ప్రయాణంలో పెను తుఫాను ఎదురైంది. ప్రాణాలతో బయటపడి పాలస్తీనా తీరంలోని అక్కా రేవులో దిగారు.

యెరూషలేము దర్శనం

అక్కాలో కొన్ని నెలలు గడిపిన తరువాత, ఆ సంవత్సరం శరదృతువులో మైమోనిడీస్ యెరూషలేమునకు వెళ్ళాడు. అప్పటికి ఆలయస్థలంలోని శిలాగోపురం చర్చిగా ఉన్నది. అల్-అక్సా మసీదు టెంప్లర్లు అనే క్రైస్తవ యోధుల సంఘానికి కేంద్రంగా ఉన్నది. యూదులు నగరంలో స్థిరనివాసం ఉండుటకు సాధారణంగా అనుమతి లేదు.

మహత్తరమైన పవిత్ర గృహంలో ప్రవేశించి ప్రార్థించినట్లు మైమోనిడీస్ వ్రాసుకున్నాడు. కొద్ది రోజుల తరువాత హెబ్రోను వెళ్ళి పితరుల సమాధుల వద్ద ప్రార్థించాడు. తుఫాను దినాన్ని ఉపవాసదినంగాను, ఈ రెండు దర్శన దినాలను పండుగదినాలుగాను తాను జీవితాంతం పాటించుటకు నిశ్చయించుకున్నాడు.

ఆ పవిత్ర గృహమంటే ఆలయపు కొండయేనా, లేక దాని సమీపంలోని ప్రార్థనామందిరమా అనే విషయంపై పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. కొండపైకి యూదులు వెళ్ళవచ్చునని వాదించేవారు దీనిని మొదటి అర్థంలో తీసుకుంటారు. వెళ్ళరాదని చెప్పేవారు రెండవ అర్థంలో తీసుకుంటారు.

ఈజిప్టులో జీవితం

పాలస్తీనాలో యూదుల సంఖ్య స్వల్పం. బ్రతుకుతెరువు కష్టం. అందుచేత కుటుంబం ఈజిప్టుకు వెళ్ళి, అలెగ్జాండ్రియాలో కొంతకాలం ఉండి, కైరో ప్రక్కనే ఉన్న ఫుస్తాత్ అను పాత నగరంలో స్థిరపడింది. 1168లో మిష్నా వ్యాఖ్యానం పూర్తయినది. ఇది హెబ్రూ లిపిలో వ్రాయబడిన అరబ్బీ గ్రంథం.

మిష్నాలో 'మిద్దోత్' అనే భాగం ఆలయపు కొలతలను తెలుపుతుంది. ఈ భాగాన్ని వ్యాఖ్యానిస్తూ మైమోనిడీస్ దీని ప్రయోజనాన్ని వివరించాడు. ఆలయం మరల కట్టబడినపుడు పూర్వపు ఆకృతినే అనుసరించవలెను గనుక ఈ కొలతలను నేర్చుకొనుట అవసరమని ఈయన అభిప్రాయం. మాటలతో తృప్తి చెందక ఆలయపు నమూనాను గీతలతో చూపాడు. ఏడు కొమ్మల దీపస్తంభాన్ని కూడా చిత్రించాడు. రోములోని తీతు విజయతోరణంపై చెక్కిన దీపస్తంభానికి కొమ్మలు వంపుగా ఉండగా, మైమోనిడీస్ చిత్రంలో తిన్నగా, ఏటవాలుగా ఉన్నాయి. ఈయన స్వదస్తూరిగా పండితులు గుర్తించిన ప్రతుల భాగాలు ఆక్స్‌ఫర్డ్, యెరూషలేము గ్రంథాలయాలలో భద్రంగా ఉన్నాయి.

ఈయన తమ్ముడు దావీదు రత్నాల వర్తకుడు. అన్న శాస్త్రాధ్యయనానికి విఘ్నం కలగకుండా కుటుంబభారాన్ని దావీదే మోసేవాడు. ఒకసారి ఆయన ఎగువ ఈజిప్టు నుండి ఎడారి దాటి ఎర్రసముద్ర తీరంలోని ఐదాబ్ రేవుకు చేరాడు. అక్కడ కొనదగిన సరుకు లేకపోవడంతో హిందూదేశానికి ఓడ ఎక్కుచున్నట్లు అన్నకు జాబు వ్రాశాడు. ఆ జాబు కైరో గెనీజా పత్రాలలో లభించింది. 1170 దశకంలో దావీదు హిందూ మహాసముద్రంలో మునిగి మరణించాడు. తమ డబ్బే కాక ఇతరులు అప్పగించిన సొమ్ము కూడా ఓడతోపాటు పోయింది. దావీదు భార్య, చిన్న కుమార్తె మైమోనిడీస్ సంరక్షణలోకి వచ్చారు. ఈ దుఃఖంతో మైమోనిడీస్ సుమారు ఒక సంవత్సరం మంచం పట్టాడు. చాలా ఏళ్ళ తరువాత అక్కాలోని మిత్రునికి వ్రాసిన లేఖలో, తమ్ముని చేతివ్రాత కంటబడినపుడెల్లా తన మనస్సు తల్లడిల్లుచున్నదని తెలిపాడు.

మతవిద్యను జీవనోపాధిగా చేసుకొనుట ఈయన సిద్ధాంతానికి విరుద్ధం. అందుచేత వైద్యవృత్తిని అవలంబించాడు. 1185 ప్రాంతంలో సుల్తాను సలాహుద్దీన్ మంత్రియైన అల్-ఖాదీ అల్-ఫాదిల్ వద్ద ఆస్థానవైద్యుడయ్యాడు. 1187లో సలాహుద్దీన్ యెరూషలేమును జయించిన తరువాత యూదులు అక్కడ నివసించుటకు మరల వీలు కలిగింది. మైమోనిడీస్ మాత్రం ఫుస్తాత్‌లోనే ఉండిపోయాడు.

మిష్నే తోరా - ఆలయ విధులు

మైమోనిడీస్ సుమారు 10 సంవత్సరాలు శ్రమించి 1180 ప్రాంతంలో 'మిష్నే తోరా'ను హెబ్రూ భాషలో పూర్తి చేశాడు. తాల్ముదు మొదలైన గ్రంథాలలో చెదరియున్న ధర్మవిధులన్నింటినీ విషయానుసారంగా 14 సంపుటాలలో కూర్చాడు. ఆనాటి ఇతర ధర్మసంగ్రహాలు ఎక్కువగా అప్పటి వాడుకలోనున్న విధులను మాత్రమే తెలిపేవి. మైమోనిడీస్ ఆ పద్ధతిని అనుసరించలేదు. ఆలయ నిర్మాణం, యాజకుల సేవ, బలులు, శుద్ధి, రాజధర్మం వంటి అమలులో లేని విధులను కూడా పూర్తిగా చేర్చాడు. గ్రంథంలోని 8వ సంపుటం ఆలయ నిర్మాణ విధులతో ప్రారంభమవుతుంది. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

* ఆలయాన్ని కట్టుట యూదు జాతికి శాశ్వతమైన ఆజ్ఞ. ప్రజలు దేశంలో ప్రవేశించినపుడు రాజును నియమించుట, శత్రువైన అమాలేకును నిర్మూలించుట, ఆలయాన్ని కట్టుట అను మూడు బాధ్యతలు వారిపై ఉన్నవి.
* నిర్మాణంలో పురుషులు, స్త్రీలు అందరూ శరీరశ్రమతోను, ధనంతోను పాల్గొనవలెను.
* నిర్మాణం పగటివేళ మాత్రమే జరుగవలెను.
* బలిపీఠపు స్థానం అత్యంత ఖచ్చితమైనది. దానిని ఎన్నటికీ మార్చరాదు. చెర నుండి వచ్చినవారికి ఆ స్థానాన్ని ప్రవక్తలు చూపవలసి వచ్చింది.
* ప్రవక్త యెహెజ్కేలు వర్ణించిన భావి ఆలయపు వివరాలు పూర్తిగా స్పష్టం కావు. అందుచేత రెండవ ఆలయాన్ని కట్టినవారు సొలొమోను ఆలయపు ఆకృతిని అనుసరించి, యెహెజ్కేలు గ్రంథంలో స్పష్టంగా ఉన్న అంశాలను కొన్నిటిని చేర్చుకున్నారు.
* బడిలో చదువుకొనే పిల్లలను మాత్రం ఆలయ నిర్మాణం కొరకైనను పాఠం నుండి లేపరాదు.

చివరి నియమం తాల్ముదు నుండి గ్రహించబడినది. మైమోనిడీస్ దీనిని ఆలయ విధులలోను, విద్యాభ్యాస విధులలోను రెండు చోట్లా పేర్కొన్నాడు. స్త్రీపురుషులందరిపై ఉన్న విధికి ఈ విధంగా బడిపిల్లల విషయంలో మినహాయింపు ఏర్పడినది.

ఆలయస్థలపు పవిత్రత గురించి మైమోనిడీస్ తీర్పు చాలా ముఖ్యమైనది. కట్టడం కూలినను దైవసాన్నిధ్యం వలన కలిగిన పవిత్రత ఆ స్థలాన్ని విడిచిపోదని ఈయన నిర్ణయించాడు. దీని నుండి రెండు ఫలితాలు కలిగినవి. కట్టడం లేకున్నను ఆ స్థలంలో బలులు అర్పించుటకు శాస్త్రం అంగీకరిస్తుంది అనేది మొదటిది. అశుద్ధస్థితిలో ఉన్నవారు ఆలయపు లోపలి స్థలంలో నేటికీ అడుగు పెట్టరాదు అనేది రెండవది. ఫ్రాన్సు దేశపు పండితుడు అబ్రహాం బెన్ దావీదు (మరణం 1198) దీనిని అంగీకరించలేదు. ఇప్పుడు ప్రవేశించినవానికి ఆ శిక్ష వర్తించదని ఆయన వాదం.

ఆలయాన్ని ఎవరు కట్టవలెను?

ఈ ప్రశ్నపై మధ్యయుగ యూదు పండితులలో ప్రధానంగా రెండు అభిప్రాయాలున్నాయి. ఫ్రాన్సుకు చెందిన రాషీ (1040 - 1105) తన తాల్ముదు వ్యాఖ్యానంలో, రాబోవు ఆలయం మానవులు కట్టునది కాదని, సిద్ధమై ఆకాశం నుండి దిగివచ్చునని చెప్పాడు. మైమోనిడీస్ ప్రకారం దానిని మానవులే, మెస్సీయ రాజు నాయకత్వంలో కట్టవలెను.

'మిష్నే తోరా' చివరి అధ్యాయాలలో ఈయన మెస్సీయ లక్షణాలను వివరించాడు. దావీదు వంశానికి చెంది, ధర్మశాస్త్రంలో నిమగ్నుడై, ప్రజలను ఆ మార్గంలో నడిపించి, ధర్మయుద్ధాలు చేసే రాజును మెస్సీయ కావచ్చునని భావించవచ్చును. ఆయన ఆలయాన్ని దాని స్థానంలో కట్టి, చెదరిన ప్రజలను సమకూర్చినపుడే మెస్సీయ అని నిశ్చయించవలెను. ఆయన అద్భుతాలు చేయనవసరం లేదు. క్రీ.శ. 132-135 మధ్య రోమనులపై తిరుగుబాటు చేసిన బర్ కోఖ్బాను గొప్ప పండితుడైన రబ్బీ అకీవా సైతం మెస్సీయగా భావించాడు. ఆయన ఓడి మరణించిన తరువాతనే కాడని తెలిసినది. మైమోనిడీస్ ఈ ఉదాహరణనే చూపాడు. మెస్సీయ కాలంలో ప్రకృతి నియమాలు మారవని, అన్యుల పరపాలన తొలగి జ్ఞానార్జనకు తీరిక లభించుటయే ఆ కాలపు విశేషమని ఈయన అభిప్రాయం.

ఇది కేవలం గ్రంథచర్చ కాదు. 1172 ప్రాంతంలో యెమెన్ దేశపు యూదులు బలవంతపు మతమార్పిడికి గురియగుచుండగా అక్కడ ఒకడు మెస్సీయకు ముందుదూతనని ప్రకటించుకున్నాడు. మైమోనిడీస్ వారికి దీర్ఘమైన లేఖ వ్రాసి ధైర్యం చెప్పాడు. అదే లేఖలో ఆ మనిషిని నమ్మవద్దని, మెస్సీయ రాకడకు లెక్కలు కట్టవద్దని హెచ్చరించాడు.

బలుల గురించిన అభిప్రాయం

1190 ప్రాంతంలో అరబ్బీలో వ్రాసిన 'సందిగ్ధులకు మార్గదర్శి'లో మైమోనిడీస్ మరియొక కోణాన్ని చూపాడు. పూర్వం లోకమంతటా జంతుబలులే ఆరాధనా పద్ధతి. అలవాటైన దానిని ప్రజలు ఒక్కసారిగా విడువలేరు. అందుచేత దేవుడు బలులను పూర్తిగా మాన్పించక, వాటిని విగ్రహాల నుండి తన వైపునకు మళ్ళించి, ఒకే ఆలయానికి, ఒకే యాజక కుటుంబానికి పరిమితం చేశాడు. ప్రార్థన మాత్రం అన్ని చోట్ల, అందరికీ వర్తిస్తుంది. దీనిని బట్టి బలులు ధర్మానికి అంతిమ లక్ష్యం కావని ఈయన వివరించాడు.

స్పెయిన్‌కు చెందిన నహ్మనిడీస్ (1194 - 1270) లేవీయకాండము వ్యాఖ్యానంలో ఈ అభిప్రాయాన్ని తీవ్రంగా ఖండించాడు. బలులను కేవలం ప్రజల అలవాటుకు చేసిన సర్దుబాటుగా భావించుట వాటిని తక్కువ చేయుటయేనని ఆయన ఆక్షేపణ. బలులు మరల అర్పించబడునని 'మిష్నే తోరా'లో చెప్పిన మైమోనిడీస్, 'మార్గదర్శి'లో ఇట్లు ఏల వ్రాశాడనే విషయం నేటికీ పండితుల చర్చలో ఉన్నది. ఒకటి విధిని, మరియొకటి దాని కారణాన్ని తెలుపుచున్నదని కొందరు సమన్వయం చేస్తారు.

ఆలయం లేని కాలపు ఆచారాలు

ఆలయం లేనందున దైనందిన జీవితంలో ఏయే విధులు ఎట్లు మారునో మైమోనిడీస్ విపులంగా తెలిపాడు. ఇల్లు కట్టుకున్నవాడు ప్రవేశానికి ఎదురుగా ఒక మూరెడు చదరం గోడకు గచ్చు పూయకుండా విడువవలెను. అది ఆలయ నాశనాన్ని గుర్తుచేస్తుంది. ప్రార్థించువారు యెరూషలేము వైపు తిరిగి నిలువవలెను. శిథిలావస్థలో ఉన్నను ఆలయస్థలానికి, అది నిలిచియున్ననాటి గౌరవమే చూపవలెను.

లేవీయకాండము 19వ అధ్యాయంలోని పండ్లచెట్ల నియమం దీనికి మంచి ఉదాహరణ. దీని ప్రకారం నాటిన చెట్టు మొదటి మూడు సంవత్సరాల ఫలాలను తినరాదు. నాలుగవ సంవత్సరపు ఫలాలను యెరూషలేమునకు తీసుకొనిపోయి అక్కడ తినవలెను. దూరమైనచో వాటిని వెలకట్టి విడిపించి, ఆ డబ్బును అక్కడికి తీసుకొనిపోవలెను. నూజివీడు ప్రాంతపు మామిడి రైతులకు ఇది సులభంగా బోధపడుతుంది. అంటుమామిడి నాటిన తొలి ఏళ్ళలో వచ్చిన పూతను తుంచివేసి, చెట్టు బలపడిన తరువాతనే కాపు నిలుపుట తోటలలో అనుసరించే పద్ధతి. రైతు ఇది చెట్టు మేలు కొరకు చేస్తాడు. ధర్మశాస్త్రం దీనిని ఆజ్ఞగా విధించి, తొలి అనుభవ ఫలాన్ని ఆలయ నగరంతో ముడిపెట్టినది.

ఆలయం కూలిన తరువాత ఇశ్రాయేలు దేశంలోని నాలుగవ ఏటి పండ్లను నామమాత్రపు నాణెంతో విడిపించి, ఆ నాణెం మరల వాడుకలోకి రాకుండా పోగొట్టవలెనని మైమోనిడీస్ తెలిపాడు. మొదటి మూడేళ్ళ నిషేధం ఇతర దేశాలలో కూడా వర్తిస్తుందని, నాలుగవ ఏటి నియమం మాత్రం ఆ దేశానికే పరిమితమని తీర్పు చెప్పాడు. దీని ప్రకారం నూజివీడులో ఒక యూదుడు చిన్నరసాల మొక్క నాటినచో మూడేళ్ళ కాపును విడిచిపెట్టి, నాలుగవ ఏటి నుండి నిరభ్యంతరంగా తినవచ్చును.

చివరి దినాలు

1199లో, తన 'మార్గదర్శి'ని హెబ్రూలోకి అనువదిస్తున్న సామ్యూల్ ఇబ్న్ తిబ్బోన్‌కు వ్రాసిన లేఖలో మైమోనిడీస్ తన దినచర్యను వివరించాడు. ప్రతి ఉదయం ఫుస్తాత్ నుండి కైరోలోని ఆస్థానానికి వెళ్ళేవాడు. మధ్యాహ్నం దాటిన తరువాత ఆకలితో ఇల్లు చేరేసరికి యూదులు, అన్యులు, ధనికులు, పేదలు గుమిగూడి ఉండేవారు. భోజనం ముగించి చీకటి పడే వరకు వారికి వైద్యం చేసేవాడు. అలసట వలన పడుకొనియే మందులు చెప్పవలసి వచ్చేది. విశ్రాంతిదినాన స్థానిక యూదులు వచ్చి శాస్త్రపాఠాలు వినేవారు. ఉబ్బసం, విషాలు, ఆరోగ్యనియమాలు మొదలైన విషయాలపై ఈయన అరబ్బీలో వైద్యగ్రంథాలు కూడా వ్రాశాడు.

మైమోనిడీస్ 1204 డిసెంబరులో ఫుస్తాత్‌లో మరణించాడు. సంప్రదాయం ప్రకారం ఈయన భౌతికకాయం గలిలయ సముద్ర తీరంలోని తిబెరియలో సమాధి చేయబడినది. ఆ సమాధి నేడు యాత్రాస్థలం. ఈయన కుమారుడు అబ్రహాం (1186 - 1237) తండ్రి తరువాత ఈజిప్టు యూదులకు నాయకత్వం వహించాడు.

తరువాతి కాలంపై ప్రభావం

మరణానంతరం మైమోనిడీస్ తత్వగ్రంథాలపై తీవ్రమైన వివాదం చెలరేగింది. 1230 దశకంలో ఫ్రాన్సులోని మాంపెలియేలో వాటిని తగులబెట్టారు. అయినను 'మిష్నే తోరా' ప్రామాణిక గ్రంథంగా నిలిచింది.

ఆలయ విషయంలో ఈయన తీర్పులు పరస్పర విరుద్ధమైన వాదనలకు ఆధారమయ్యాయి. జర్మనీ ప్రాంతానికి చెందిన రబ్బీ జ్వి హిర్ష్ కాలిషర్ (1795 - 1874) ఆలయం లేకున్నను బలులు అర్పించవచ్చునన్న వాదాన్ని తీసుకొని, బలిపీఠాన్ని పునరుద్ధరించవలెనని ప్రతిపాదించాడు. ఆయన గురుతుల్యుడైన రబ్బీ అకీవా ఈగర్ దానిని అంగీకరించలేదు. ఇందుకు భిన్నంగా 19వ శతాబ్దపు సంస్కరణవాద యూదులు ఆలయ పునర్నిర్మాణాన్ని, బలులను కోరే ప్రార్థనలను మార్చారు లేక తొలగించారు. 1818లో జర్మనీలోని హాంబర్గ్‌లో ప్రారంభమైన తమ ప్రార్థనామందిరాన్నే వారు ఆలయం అని పిలుచుకున్నారు. క్రైస్తవులలో అనేకులు క్రీస్తునే నిజమైన ఆలయంగా భావిస్తారు. మూడవ ఆలయం కట్టబడుట అంత్యకాలపు గురుతు అని నమ్మేవారు కూడా వారిలో ఉన్నారు.

1967 జూన్ యుద్ధంలో తూర్పు యెరూషలేము ఇశ్రాయేలు అధీనంలోకి వచ్చింది. కొండపైనున్న ముస్లిం పవిత్రస్థలాల నిర్వహణ మాత్రం ముస్లిం ధర్మాదాయ సంస్థయైన వక్ఫ్ చేతిలోనే ఉన్నది. ఇశ్రాయేలు ప్రధాన రబ్బీల మండలి యూదులు ఆ కొండపైకి ప్రవేశించరాదని ప్రకటించింది. స్థలపు పవిత్రత నేటికీ నిలిచియున్నదనే మైమోనిడీస్ తీర్పే దీనికి ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. శవస్పర్శ వలన కలిగిన అశుద్ధి పోవుటకు ఎర్రని పెయ్య భస్మం అవసరం. రెండవ ఆలయం కూలేనాటికి తొమ్మిది పెయ్యలు మాత్రమే సిద్ధం చేయబడినవని, పదవదానిని మెస్సీయ రాజు సిద్ధం చేయునని మైమోనిడీస్ వ్రాశాడు. మరియొక వైపు, 1987లో యెరూషలేములో స్థాపించబడిన ఆలయ సంస్థ ఈయన విధులను, కొలతలను ఉపయోగించుకొని ఆలయోపకరణాలను తయారు చేయించింది. ముస్లిములకు ఆ ప్రదేశం మక్కా, మదీనాల తరువాత అత్యంత పవిత్రమైనది. అందుచేత పునర్నిర్మాణ ప్రస్తావన మతచర్చకు పరిమితం కాక, ఆ ప్రాంతపు శాంతిభద్రతలతో ముడిపడిన సమస్యగా ఉన్నది.

భారతదేశం, తెలుగునాడు

తమ్ముని మరణం ద్వారానే కాక, మరొక విధంగా కూడా భారతదేశం మైమోనిడీస్ రచనలలో కనిపిస్తుంది. ఫ్రాన్సులోని లునెల్ పండితులకు జీవిత చరమదశలో వ్రాసిన లేఖలో ఈయన భారతదేశపు యూదులను ప్రస్తావించాడు. వారికి లిఖిత ధర్మశాస్త్రం తెలియదని, విశ్రాంతిదినాన్ని, సున్నతిని మాత్రం పాటిస్తారని తెలిపాడు. ఆ కాలంలో ఈజిప్టు, ఏడెన్ రేవుల యూదు వర్తకులు భారత పశ్చిమ తీరంతో వ్యాపారం సాగించేవారు. అబ్రహాం బెన్ యిజూ అనే వర్తకుడు 12వ శతాబ్దంలో మంగుళూరులో అనేక సంవత్సరాలు నివసించాడు.

తెలుగునాట గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనబడే చిన్న సమాజం ఉన్నది. వీరు 1980 దశకం నుండి యూదు ఆచారాలను పాటిస్తూ, తాము ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకుంటారు. గ్రామంలో వీరికి ప్రార్థనామందిరం ఉన్నది. పెద్దలు, పిల్లలు హెబ్రూ అక్షరాలు నేర్చుకున్నారు. మైమోనిడీస్ విధుల ప్రకారం ఆలయం ఇంకను కట్టబడవలసియున్నది. బడిలో అక్షరాలు దిద్దే పిల్లల పాఠం మాత్రం దాని కొరకు కూడా ఆగరాదు.